చింపకుండా దాచిన చీర

తుప్పలు పీకే మిషను పనికి వెళ్ళే ముందురోజు నేను ఒక పాత చీర చింపుతాను. నాలుగు వేళ్ళ వెడల్పు, మూరెడు పొడుగు పీలికలు చేసి సంచిలో పెట్టుకుంటాను. మర్నాడు పొద్దున్నే చేతికర్ర పుచ్చుకుని, మిషను కంటే ముందు ఆ నేలంతా తిరుగుతాను. కొట్టకూడని ప్రతిదానికీ ఒక పీలిక కడతాను. బోరు పైపు, సరిహద్దు రాయి, కరెంటు స్తంభం తీగ, సొంతదారు ఉంచమన్న మామిడి మొక్క. పీలిక కనిపిస్తే మిషను ఆగుతుంది. కనిపించకపోతే పీకేస్తుంది. మా పనిలో ఉన్న చట్టం అదొక్కటే.

ఒకసారి పీలికలు చాలలేదు. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఇంకో చీర ఉంది. దాన్ని చింపడానికి నాకు మనసు రాలేదు. అందువల్ల నా తోటి మనిషి ఒకావిడకి తన మొగుణ్ణి ఎక్కడ పూడ్చిపెట్టారో తెలియకుండా పోయింది. ఆ సంగతి రాయాలని కూర్చున్నాను.

నేను మూడో తరగతి దాకా చదివాను. బైబిలు చదువుతాను, కరెంటు బిల్లు చదువుతాను. రాస్తే తప్పులొస్తాయి. మా మనవరాలు దిద్దిపెడతానంది. దిద్దు గాని, నీ సొంత మాటలు కలపకు అన్నాను.

మా ఆయన డ్రైనేజీ డిపార్ట్‌మెంటులో మిషను ఆపరేటరుగా చేశారు. మురుగు కాలవల్లో పూడిక తీయడం, గుర్రపుడెక్క లాగి గట్టున పడేయడం, గండి పడితే మట్టి వేయడం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అదే పని. ఆ చప్పుడుకి చెవులు సగం పోయాయి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోమంటే ఆయనకు చాత కాలేదు. పొద్దున్నే కాఫీ తాగి కాలవ గట్టుకి పోయేవారు. అక్కడ ఎవరిదో మిషను పని చేస్తుంటే పక్కన నిలబడి, "బకెట్ దింపు, ఇంకా దింపు, అదేం తవ్వడమయ్యా" అని అరిచేవారు. వాళ్ళు తిట్టేవారు. తిట్లు వినపడవు కాబట్టి మర్నాడు మళ్ళీ వెళ్ళేవారు.

రెండు నెలలు చూశాను. మూడో నెల అన్నం పెడుతూ, "ఊరి వాళ్ళ మిషన్ల చుట్టూ తిరగడం దేనికండీ? మనమే ఒక పాత జేసీబీ కొనుక్కుందాం" అన్నాను.

"ఏంటీ?" అన్నారు.

గట్టిగా మళ్ళీ చెప్పాను. ఈసారి వినపడింది, కానీ నమ్మలేదు. ఇంట్లో రెండో ఫ్యాను కొనడానికి నాలుగు ఎండాకాలాలు ఆలోచించిన మనిషిని నేను. నేను జేసీబీ కొందామంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

నేను ఊరికే అనలేదు. మా చుట్టుపక్కల పెద్ద మిషన్ల వాళ్ళు చేపల చెరువులకీ, లే అవుట్లకీ వెళతారు. ఎకరాల పని ఉంటేనే వస్తారు. పది సెంట్ల దొడ్డిలో తుప్పలు కొట్టాలన్నా, పడిపోయిన కొబ్బరి చెట్ల మోళ్ళు నాలుగు పీకాలన్నా ఎవరూ రారు. వయసు మీరిన వాళ్ళు, ఆడవాళ్ళు, టౌన్లో ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడ కాస్త నేల ఉన్న వాళ్ళు, వీళ్ళంతా ఫోన్లు చేసి చేసి విసిగిపోతున్నారు. ఆ చిన్న పనులన్నీ మనకే అనుకున్నాను.

మా అమ్మాయి టీచరు. సంగతి తెలిసి ఫోన్ చేసింది. "అమ్మా, ఈ వయసులో ఎవరైనా మనవల్ని ఆడించుకుంటారు. మీరు జేసీబీ తిప్పుతారా?"

"మనవలకి ఫోన్లున్నాయి కదే. మేం ఆడించక్కర్లేదు" అన్నాను.

పాత మిషన్లు రాజమండ్రి దగ్గర హైవే పక్కన పెట్టి అమ్ముతారు. మూడుసార్లు వెళ్ళాం. మా ఆయన ఇంజను విన్నారు, అంటే ఇంజను మీద చెయ్యి వేసి చూశారు. నేను కింద వంగి నూనె కారుతోందేమో చూశాను. తర్వాత బకెట్ దగ్గరకు వెళ్ళి దాని పళ్ళు లెక్కపెట్టాను.

అమ్మేవాడు నవ్వాడు. "అమ్మగారూ, ఇది మిషనండీ, గేదె కాదు. పళ్ళు లెక్కెడుతున్నారేంటండీ?"

"గేదెకైనా దీనికైనా అరిగిన పన్ను అరిగినట్టే తెలుస్తుంది బాబూ. ఇందులో ఒకటి విరిగింది, రెండు అరిగాయి. కొత్తవి వేయించి ఇయ్యి. అప్పుడు మాట్లాడుకుందాం."

వేయించి ఇచ్చాడు.

అలా మొదలుపెట్టాం. మిషను ఆయనది, మాట నాది. పని ఒప్పుకోవడం, నేల చూసి రావడం, డీజిలు పోయించడం నేను చూసుకుంటాను. మొదటి పనిలోనే ఒక పొరపాటు జరిగింది. పెనుగొండ అవతల ఒకాయన దొడ్డిలో తుప్పలు తీస్తుంటే గడ్డిలో ఉన్న బోరు పైపు కనపడలేదు. నేను గట్టు మీద నుంచి ఆపండి, ఆపండి అని గొంతు పోయేలా అరిచాను. ఆయన నా వైపు చూసి, బాగా చేస్తున్నానని మెచ్చుకుంటున్నాననుకుని, చెయ్యి ఊపి, పైపు విరిచేశారు. ఆ రోజు నుంచి అరవడం మానేసి చీర చింపడం మొదలుపెట్టాను.

ఇంకో మాట. మేం లూథరన్ సంఘానికి చెందినవాళ్ళం. పనికి పిలిచేవాళ్ళలో ఎక్కువమంది హిందువులు. మిషను వచ్చేసరికి ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొడతారు. వాళ్ళ నేల, వాళ్ళ ఇష్టం. మేం కళ్ళు మూసుకుని మా ప్రార్థన మేం చేసుకుంటాం. కొట్టిన చెక్కలు చేతిలో పెడితే వద్దనను. మేం తినం, ఇంటికి తెచ్చి కోళ్ళకు వేస్తాను. కోళ్ళు ఏ సంఘానికీ చెందినవి కావు.

పోయిన ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక మా అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు గారు, ఒక సంఘ పెద్దను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. సమాధుల తోట బాగు చేయాలన్నారు.

మా సమాధుల తోట ఊరవతల, పుంత రోడ్డు చివర, మురుగు కాలవకీ వరి చేలకీ మధ్యన ఉంటుంది. మూడు నాలుగేళ్ళుగా సర్కారు తుమ్మ పెరిగి లోపలికి మనిషి పోవడానికి లేకుండా ముళ్ళు అల్లుకుపోయాయి. సమాధుల పండుగ అంటే మాకు ఏడాదికోసారి మా వాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, పువ్వులు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించే రోజు. కిందటిసారి అందరూ గేటు దగ్గరే కొవ్వొత్తులు పెట్టి ఇళ్ళకు వచ్చేశారు.

"సంఘం దగ్గర పెద్దగా ఏమీ లేదమ్మా" అన్నారు అయ్యగారు, మొహమాటంగా.

పక్కనున్న పెద్దాయనకు మొహమాటం లేదు. "మిషనున్న వాళ్ళు. దేవుడి పని ఊరికే చేస్తే ఏం పోయిందండీ?"

"డీజిలు కూడా దేవుడే పోయిస్తాడాండీ?" అన్నాను.

అయ్యగారు నవ్వారు. చివరికి ఒప్పందం ఏంటంటే, డబ్బు వద్దు, కొట్టిన కర్ర అంతా మేం తీసుకుంటాం. ఇటుక బట్టీ వాళ్ళు తుమ్మ కర్ర కొంటారు. వేళ్ళతో సహా మోళ్ళు అయితే ఇంకా ఇష్టంగా కొంటారు, చాలాసేపు మండుతాయి. ఆ ఆలోచన నాదే. అప్పుడు నాకు చాలా తెలివైన ఆలోచన అనిపించింది.

ఆ సంగతి తెలిసి ఆ సాయంత్రమే మా వదిన వచ్చింది. సొంత వదిన కాదు. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు ఊడ్పుల ముఠాలో నా పక్క మునుం ఆవిడది. నాకు నాట్లు వేయడం రాకపోతే నా వరస కూడా తనే వేసి, మేస్త్రి చూడకుండా కాపాడింది. అప్పటి నుంచి వదినా అంటే వదినా అనుకుంటున్నాం. ఆవిడ మొగుడు చాలా ఏళ్ళ కిందట శ్రావణంలో కామెర్లొచ్చి పోయాడు. అప్పట్లో సిమెంటు వేయించే స్తోమత లేదు. తల వైపు ఒక గన్నేరు కొమ్మ పాతింది. గన్నేరయితే మేకలు ముట్టవని. అది చెట్టయింది. ఆ చెట్టే గుర్తు.

ఆవిడకి కాలనీలో ఇల్లు కట్టినప్పుడు కొన్ని ఇటుకలు మిగిలాయి. వాటిని గోడ పక్కన పేర్చి, పట్టా కప్పి దాచింది. పొయ్యి రాయికి కూడా ఒక ఇటుక ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఇటుకలతో ఈసారి పండగలోపు మొగుడికి సమాధి కట్టించాలని తాపీ మేస్త్రితో మాట్లాడుకుంది. ఒక కంటికి ఆపరేషను అయ్యింది గాని చూపు అంతంత మాత్రమే, రెండో కన్ను కూడా తగ్గుతోంది.

"కళ్ళు కనపడుతున్నప్పుడే కట్టించేసుకోవాలి వదినా" అంది. "పక్కన నాకూ కాస్త చోటుంచమని చెప్తాను. మూలనున్న గన్నేరు, జాగ్రత్త. నీ మొగుడికి చెప్పు."

"నాకు చెప్తున్నావా నువ్వు?" అన్నాను. "బోరు పైపులు కాపాడేదాన్ని, అన్నయ్యని కాపాడనా?"

అలా అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

మర్నాడు చీర చింపి పీలికలు పట్టుకుని వెళ్ళాను. ముళ్ళలో వంగి, ఒక్కోచోట పాకి, లోపలికంటా వెళ్ళాను. సిమెంటు సమాధులు ఉన్నాయి. వాటికి కట్టాను. కర్ర సిలువలు ఉన్నాయి, వాటికీ కట్టాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ ముళ్ళు తొలగించుకుంటూ పోయేకొద్దీ ఇంకా ఉన్నాయి. ఒకచోట చుట్టూ గుల్లలు పేర్చి ఉంది. ఒకచోట తలగడలా ఒక రాయి. ఇన్ని ఉంటాయని నాకు తెలియదు. మూల దాకా వచ్చేసరికి సంచి ఖాళీ. గన్నేరు ఒక్కటే మిగిలింది.

ఇంటికి వెళ్ళి రావచ్చు, పావుగంట నడక. పెట్టెలో నీలం చీర ఉంది. అంచు పోయింది గాని నేత గట్టిగా ఉంది. బొంతకి పై గుడ్డగా వేద్దామని రెండేళ్ళుగా దాచాను. ఒక్క పీలిక కోసం అంత చీరని చింపడమా అనుకున్నాను. ఒక చివర చింపితే బొంతకి కురచ అయిపోతుంది. ఒక్క చెట్టే కదా, నోటితో చెబుదాం అనుకున్నాను.

మిషను వచ్చింది. ఎక్కబోతుంటే చెప్పాను. "ఏమండీ, ఆ మూల గన్నేరు చెట్టు జోలికి పోకండి. మా వదిన మొగుడి గుర్తు అది."

"ఆ, ఆ" అన్నారు.

ఆయన "ఆ" అంటే విన్నట్టు. "ఆ, ఆ" అంటే విననట్టు. ఇన్నేళ్ళ కాపరంలో ఆ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా ఇంకోసారి చెప్పలేదు. కర్ర ఎత్తడానికి ట్రాక్టరు వచ్చి నిలబడింది, డ్రైవరు హారను కొడుతున్నాడు. నేను కర్రలెక్కించే పని చూసుకుంటూ, ట్రాక్టరు వెంట బట్టీకి కూడా వెళ్ళాను. వాళ్ళు మోళ్ళు పచ్చివని వంక పెడతారు, నేను లేకపోతే.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మూలంతా కళ్ళం చేసినట్టు చదునుగా ఉంది. మోళ్ళు పీకి, గుంటలు పూడ్చి, బకెట్‌తో సర్ది, చక్రాలతో తొక్కించారు కూడా. ఆయన మిషను దిగి చెమట తుడుచుకుంటూ నిలబడ్డారు.

"చూశావా, అద్దంలా చేశాను."

"గన్నేరేదండీ?"

"ఏంటీ?"

"గన్నేరు! గన్నేరు చెట్టు!"

కర్రల పోగు వైపు చూశారు. అందులో అడుగున ఉంది, పువ్వులతో సహా. నేను ఆయన్ని అనరాని మాటలన్నీ అన్నాను. చెవులు లేవా అన్నాను, కళ్ళూ లేవా అన్నాను. ఆయన అంతా విని, "పీలిక లేదుగా" అన్నారు.



పైపైన మట్టే కదిలింది. లోపల మనిషికి ఏమీ కాలేదు, అంత లోతుకు బకెట్ వెళ్ళలేదు. కానీ ఆ మూలలో పీకిన మోళ్ళు ఇరవైకి పైనే. ఏ గుంట ఏ మోడుదో, గన్నేరు ఎక్కడుండేదో ఆయనకీ తెలియదు. వేళ్ళతో సహా పీకమన్నది నేనే.

సంఘ పెద్ద అప్పుడే చూడ్డానికి వచ్చాడు. సంగతి విని నన్ను పక్కకు పిలిచాడు. "దీనికింత బాధపడతారేంటండీ? ఆవిడకి చూపు లేదు. ఎక్కడో ఒకచోట ఒక గన్నేరు కొమ్మ పాతేసి ఇదేనని చెప్పండి. పునరుత్థానం రోజున లేచేటప్పుడు ఎవరు ఎక్కడి నుంచి లేవాలో దేవుడికి తెలీదా?"

నేను మంచిదాన్నని చెప్పుకోను. సిమెంటు సమాధులకు కట్టిన పీలికలు విప్పి మడతపెట్టుకుంటూ, ఆ పని అయ్యేదాకా ఆ మాట గురించి ఆలోచించాను. చెయ్యొచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ ఆ ఇటుకలు ఎవరి మీదో కట్టించి, చివరికి ఎవరి పక్కనో పడుకుంటుంది.

నేను వెళ్ళక ముందే ఆవిడే వచ్చేసింది. పుంత వెంట చేత్తో గాలి తడుముకుంటూ నడిచొచ్చింది. "ఎంత వెలుతురొచ్చిందో! ఇటు చేలు కూడా కనపడుతున్నట్టున్నాయి. గన్నేరేది వదినా?"

"లేదు వదినా. పీకేశారు."

"పీలిక కట్టలేదా?"

"గుడ్డ చాల్లేదు."

"ఇంటో లేదా?"

లేదని చెప్పి ఉంటే అయిపోయేది. "ఉంది" అన్నాను.

ఆవిడకి నా చీరలన్నీ తెలుసు. "ఆ నీలం చీరా? బొంతకని దాచావు, అదేనా?"

అవునన్నాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "బొంత బాగా కుట్టుకో" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో ఎప్పుడూ నా పక్కన కూర్చునే మనిషి ఎదర వరసకి పోయి కూర్చుంది. తాపీ మేస్త్రి వచ్చి ఇటుకలు చూసుకుని, చోటు చూపించమన్నాడట. తర్వాత చెప్తానని పంపేసింది. పండగ ఇంకా వారమే ఉంది.

సోమవారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, కళ్ళతో కాదు, వేళ్ళతో. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"అన్నయ్యని పూడ్చిన రోజు చెప్పు వదినా" అన్నాను.

"దేనికి? అది కూడా పీకుతావా?"

"చెప్పు."

బియ్యం పక్కకు జరిపి చెప్పింది. నేను ఆ రోజుల్లో పురిటికి పుట్టింటికి వెళ్ళాను కాబట్టి చూడలేదు. ఒకటే వాన. గుంట తవ్వుతుంటే నడుము లోతుకే నీళ్ళు ఊరాయట. తవ్వి పోసిన నల్లమట్టి అంతా బురద అయిపోయింది. "ఆ బురద ఆయన మీద వెయ్యొద్దని నేను గుంట గట్టున కూచున్నాను. లేవనన్నాను. మగాళ్ళు తిట్టారు. అప్పుడు బడి కట్టడానికని గోదావరి ఇసుక తోలి ఉంది, దాన్నడిగి బండి కట్టుకుని తెచ్చారు. పైదాకా ఇసుకే పోశారు."

"పైదాకానా?"

"పైదాకా. నా మొగుడు బురదలో లేడు, ఇసకలో ఉన్నాడు."

"ఇంకేమైనా గుర్తుందా?"

ఈసారి ఆవిడ మొహంలో కాస్త నవ్వులాంటిది వచ్చింది. "గుంట చాల్లేదు. మనిషి పొడుగు కదా. బతికినన్నాళ్ళూ కాళ్ళు మంచం అవతలే. దించబోతే పట్టలేదు. కాళ్ళేపు మళ్ళీ తవ్వారు, వానలో, అడ్డదిడ్డంగా."

నేను లేచి ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి మా ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆయన "ఆ" అన్నారు. ఒక్కసారే.

అప్పటికప్పుడు మిషను వెల్డింగు షాపుకు తీసుకెళ్ళారు. ముందు బకెట్ పళ్ళకు అడ్డంగా ఒక ఇనప పట్టీ అతికించారు. కాలవలో గట్టు చెదరకుండా పూడిక తీయాలంటే పళ్ళు లేని బకెట్ కావాలట, ఇదీ అలాంటిదేనట. "మన సమాధులన్నీ తూర్పుకి కాళ్ళు. నేను ఉత్తరం నుంచి దక్షిణానికి గీసుకుంటూ పోతాను. ఏదీ తప్పించుకోదు. నల్లమట్టిలో ఇసుక దాగదే, అన్నంలో బెల్లం ముక్కలా కనపడుతుంది" అన్నారు. చాలా రోజుల తర్వాత అన్ని మాటలు ఒకేసారి మాట్లాడారు.

మంగళవారం పొద్దున్న అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. మా వదిన వచ్చింది. మట్టి మోసే గమేళా ఒకటి బోర్లించుకుని దాని మీద కూర్చుంది. నాతో మాట్లాడలేదు. నేను నా చేతిసంచి పక్కన పెట్టి మిషను ముందు నిలబడ్డాను.

ముప్పై ఏళ్ళు పైన ఆ పనిలో ఉన్న మనిషికి చెయ్యి ఎంత తేలికో ఆ రోజు చూశాను. రెండు వేళ్ళ మందాన మట్టి లేచేది, అట్టు అంచు తీసినట్టు. నేను వంగి బకెట్ ముందు వెనక్కి నడుస్తూ నేల చూసేదాన్ని. చెయ్యెత్తితే ఆపాలి, దించితే నడపాలి. నడుము పట్టేసింది. నలుపు, నలుపు, అంతా నలుపే. మూడోసారి గీసేటప్పుడు ఒకచోట తెల్లగా కనపడింది. చెయ్యెత్తాను.

ఇసుకే. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తుడిచి, అంచులు తేల్చి, కర్రతో కొలిచాను. నాలుగు మూరలకు తక్కువే ఉంది. అంచులు తిన్నగా ఉన్నాయి.

"కాదు" అంది మా వదిన కూర్చున్నచోటి నుంచే, కొలత వినగానే. "అందులో మా ఆయన నడుం దాకా పడతాడు."

అయ్యగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. అది ఎవరిదో ఆయనకీ తెలియదు. పాత రిజిస్టరులో పేర్లుంటాయి గాని చోట్లు ఉండవు. వానాకాలంలో పోయిన ఇంకెవరికో కూడా ఎవరో ఇసుక కోసం పట్టుబట్టి ఉంటారు.

మళ్ళీ గీశారు. ఎండెక్కింది. కాలవ వైపు అంచు దాకా వచ్చేశాం. ఇంక నేల అయిపోతోంది. నాలో నేను, అయిపోయింది, దొరకదు అనుకుంటున్నప్పుడు మళ్ళీ తెలుపు కనపడింది. చెయ్యెత్తాను. తుడిచాను. తల వైపు అంచు తిన్నగా ఉంది. ఇటు తుడుచుకుంటూ వచ్చాను. నాలుగు మూరల దగ్గర ఆగలేదు. అక్కడ అంచు లోపలికి నొక్కుకుపోయి, సన్నబడి, పక్కకు వంకరగా తిరిగి, ఇంకో మూరెడు పైన సాగింది. ఎవరో వానలో తొందరగా పారతో పొడిగించినట్టు.

కొలత చెప్పలేదు. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. చెయ్యి విదిలించుకోలేదు. కింద కూర్చుని, తల వైపు నుంచి అంచు వెంట వేళ్ళతో తడుముకుంటూ వచ్చింది. ఆ నొక్కు దగ్గర వేళ్ళు ఆగాయి. ఆ వంకరంతా తడిమింది.

"ఏమయ్యా" అంది ఇసుకతో. "కాళ్ళు ముడుచుకోడం ఇంకా రాలేదా నీకు?"

మా ఆయన ఇంజను ఆపేశారు. ఆయనకు ఆ మాట వినపడిందో లేదో నేను అడగలేదు.

నేను సంచిలోంచి నీలం చీర తీశాను. మడత విప్పకుండా తెచ్చాను, అక్కడే, ఆవిడ ఎదురుగానే చింపుదామని. చిరిగిన చప్పుడుకు ఆవిడ తలెత్తింది.

"ఇప్పుడెందుకు చింపుతున్నావు? దొరికాడుగా. బొంతకి పనికొచ్చేది" అంది.

"నోరుమూసుకో వదినా" అన్నాను. నాలుగు పుల్లలు పాతి, నాలుగు మూలలా పీలికలు కట్టాను. తర్వాత ఆ పొట్టి సమాధికి కూడా నాలుగు కట్టాను. మిగిలిన చీరంతా చింపేశాను. చాలా పీలికలొచ్చాయి. గట్టి నేత.

మేస్త్రి రెండు రోజుల్లో కట్టేశాడు. ఇటుకలు సరిపోయాయి. పొడుగు ఎక్కువని గొణిగాడు గాని ఆవిడ ఒక్క అంగుళం తగ్గించనివ్వలేదు. దక్షిణం వైపు తనకు చోటు వదిలించుకుని, అక్కడ నిలబడి కాళ్ళతో కొలిచి చూసుకుంది. "నాకు ఇంత చాలు. నేను పొట్టి" అంది.

పండగ రోజు సాయంత్రం తోటంతా జనం. చాలామంది తమ వాళ్ళని వెతుక్కుని, పీలిక చూసి పోల్చుకుని, అక్కడ కూర్చున్నారు. మా వదిన సున్నం వేసిన కొత్త సమాధి మీద కొవ్వొత్తులు వరసగా పెట్టింది. నేను మా అత్తగారి దగ్గర వెలిగించి, ఆవిడ పక్కకు వెళ్ళి నిలబడ్డాను. కాస్త జరిగి చోటిచ్చింది.

"అదేంటి, అక్కడ చీకటిగా ఉంది?" అంది ఆ పొట్టి సమాధి వైపు చెయ్యి చూపించి. చూపు లేదంటుంది గాని వెలుగు ఎక్కడ లేదో బాగా తెలుస్తుంది ఆవిడకి.

"ఎవరూ రాలేదు వదినా. ఎవరిదో తెలీదుగా."

"తెలీకపోవడమేంటి? నువ్వే కదా బయటికి తీసింది. అది నీది. నువ్వే పెట్టాలి, ప్రతి ఏడూ."

తన దగ్గరున్న కొవ్వొత్తుల్లో ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "ఈసారికి నాది తీసుకో. వచ్చేఏడు నువ్వు కొనుక్కో."

ఆ పండగ మళ్ళీ దగ్గరకొచ్చింది. తోటలో కొత్తగా మొలిచిన తుమ్మ మొక్కల్ని నిన్న మా ఆయన, నేను చేత్తోనే పీకి వచ్చాం, మిషను అక్కర్లేకపోయింది. పొట్టి సమాధికి కట్టిన నీలం పీలికలు ఎండకు వెలిసిపోతే మార్చాను. వచ్చేటప్పుడు కొట్టు దగ్గర ఆగి ఒక కొవ్వొత్తి ఇమ్మన్నాను. విడిగా అమ్మరట, ప్యాకెట్టే కొనాలట. ఒక్కదాని కోసం ప్యాకెట్టా అని నోటిదాకా వచ్చింది. అనకుండా ప్యాకెట్టే తీసుకున్నాను.